వెల్ఫేర్ ఆఫీసరంటే ఏం ఉద్యోగమమ్మా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ చదువుల పేజీలో, డిగ్రీ తర్వాత ఏం చేయవచ్చో చెబుతూ పెద్ద పట్టిక వేశారు. డేటా సైన్స్ ఉంది, బ్యాంకు పరీక్షలు ఉన్నాయి, ఫోరెన్సిక్ కూడా ఉంది. ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ), ఎమ్మెస్సీ సైకాలజీ చదివినవాళ్లకు ‘ఎన్జీవోలు, ఆసుపత్రులు, హెచ్‌ఆర్’ అని రాశారు. నేను చేసే పని అందులో లేదు. అందుకు నాకు కోపమేమీ రాలేదు. ఆ పనికి పేరే ఇంకా కుదురుకోలేదు, మీరు మాత్రం ఏమని వేస్తారు? మా కాలేజీలో నన్ను స్టూడెంట్ వెల్ఫేర్ ఆఫీసర్ అంటారు. పక్క కాలేజీలో ఇదే పని చేసే ఆవిడ స్టూడెంట్ కౌన్సెలర్. ఇంకోచోట డీన్‌గారి ఆఫీసులో కోఆర్డినేటర్. పిల్లలు మాత్రం అందరినీ మేడమ్ అనేస్తారు.

మాది హిందూపురం. పెళ్లయి బెంగళూరు వచ్చి 22 ఏళ్లయింది. యలహంక అవతల ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో 14 ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. మా హాస్టళ్లలో అనంతపురం, కడప, చిత్తూరు, కర్నూలు పిల్లలు చాలామంది. సాయంత్రం మెస్ దగ్గర నిలబడితే కన్నడ కంటే తెలుగే ఎక్కువ వినిపిస్తుంది. కొత్త పిల్లలను దింపి వెళ్లే తల్లులను ఓదార్చడం, సాంబారులో పప్పు లేదని జరిగే ధర్నా, అటెండెన్స్ షార్టేజ్, బ్యాక్‌లాగులు, స్కాలర్‌షిప్ ఫారాలు, అర్ధరాత్రి జ్వరాలు, ర్యాగింగ్ ఫిర్యాదులు, ప్రేమ వ్యవహారాలు, అన్నీ నా టేబుల్ దగ్గరికే వస్తాయి. వీటితో పాటు ఏటా ఇద్దరో ముగ్గురో ఆ చదువుల పీజీ విద్యార్థులు ఫీల్డ్ వర్క్‌కి, అంటే కోర్సులో భాగంగా పని నేర్చుకోవడానికి వస్తారు. వారానికి రెండు రోజులు, చివర్లో ఒక నెల రోజూ వచ్చే బ్లాక్ ప్లేస్‌మెంట్. వాళ్లు డైరీ రాస్తారు, నేను సంతకం పెడతాను. ఈ పనిలోకి రావాలా వద్దా అని ఆ పిల్లలు ఎలా తేల్చుకుంటారో ఇన్నేళ్లుగా ఎదురుగా కూర్చుని చూస్తున్నాను. దాని గురించే ఈ ఉత్తరం. పొడుగైతే కత్తిరించుకోండి, కానీ ధర్మవరం అమ్మాయి సంగతి మాత్రం ఉంచండి.

వాళ్ల డిపార్ట్‌మెంట్లలో ముందుగా ఒక పరీక్ష పెడతారు. జాన్ హాలండ్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1959లో చెప్పిన సిద్ధాంతం మీద నడిచే పరీక్ష అది. మనుషుల ఆసక్తులను ఆరు రకాలుగా విడదీసి, ఎవరికి ఏ పని పొసగుతుందో చెబుతుంది. చేతిపని ఒక రకం, పరిశోధన ఒక రకం, కళలు ఒకటి, జనానికి సాయపడటం ఒకటి, నలుగురిని నడిపించే చొరవ ఒకటి, లెక్కాపత్రం ఒకటి. మంచి పరీక్షే, నేనూ రాశాను. ఇబ్బంది ఏమిటంటే, నా దగ్గరికి వచ్చిన ప్రతి ఒక్కరికీ మొదటి అక్షరం ‘ఎస్’ అనే వచ్చింది. ఎస్ అంటే సోషల్. అది రానివాళ్లు ఎమ్మెస్‌డబ్ల్యూలో ఎందుకు చేరతారు లెండి. పదిమందికీ ఒకటే జవాబు వచ్చాక, అందులో ఎవరు ఆసుపత్రికి వెళ్లాలో, ఎవరు ఫ్యాక్టరీకి వెళ్లాలో, ఎవరు మా హాస్టల్‌కి రావాలో ఆ కాగితం ఎలా చెబుతుంది?

నేను చూసినంతలో వాళ్ల నిర్ణయం చాలావరకు ఫీల్డ్ వర్క్‌లో దొరికిన సూపర్‌వైజర్‌ను బట్టి జరుగుతుంది. ఆవిడ ఏం చెప్పింది, ఏం దాచింది, సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు ఆవిడ మొహం ఎలా ఉంది. ఇక్కడ ఆ సూపర్‌వైజర్‌ను నేనే కాబట్టి, నా తప్పులు రెండు చెప్పుకోవాలి.

నాలుగేళ్ల కిందట ఒక కర్నూలు కుర్రాడు వచ్చాడు. మెత్తని మనిషి, పిల్లలు ఇట్టే కలిసిపోయేవారు. ఇలాంటివాడు ఈ పనిలోకి రావాలని నాకు ఆశ పుట్టింది. ‘మంచి పని నాయనా, పిల్లల జీవితాలు నిలబెడతావు, గౌరవం ఉంటుంది’ అని చెప్పాను. అబద్ధం కాదు. కానీ రాత్రుళ్ల సంగతి చెప్పలేదు. ఏదైనా జరిగితే, పిల్లవాడు ఎలా ఉన్నాడని అడిగేలోపే ‘రిజిస్టర్‌లో సంతకం ఎవరిది’ అని అడిగే మేనేజ్‌మెంట్లు ఉంటాయని చెప్పలేదు. ఆ జూన్‌లో ఊళ్లోనే ఇంకో కాలేజీలో చేరాడు. ఏడో నెలలో మానేశాడు. ఒక రాత్రి డెంగీ పిల్లవాణ్ని ఆటోలో వేసుకుని మూడు ఆసుపత్రులు తిరిగాడట. మొదటి రెండింటిలో బెడ్ లేదు. ఎవరికి ఫోన్ చేయాలో, డిపాజిట్ ఎవరు కడతారో అతనికి ఎవరూ చెప్పి పెట్టలేదు. పిల్లవాడు కోలుకున్నాడు, ఇతను కోలుకోలేదు. నన్ను కలవడానికి వచ్చినప్పుడు అన్న మాట ఒకటే: “మీ దగ్గర తొమ్మిది నెలలున్నాను మేడమ్, ఒక్క రాత్రి కూడా నన్ను ఉండమనలేదు మీరు.”

నిజమే. ఫీల్డ్ వర్క్ టైము పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం నాలుగున్నర. మా పనేమో సాయంత్రం అయిదు తర్వాత మొదలవుతుంది. క్లాసులున్నంతసేపూ పిల్లలు లెక్చరర్లకు చెందుతారు. గదికి వచ్చి తలుపేసుకున్నాకే మాకు చెందుతారు. అంటే మా దగ్గర శిక్షణ పొందినవాళ్లు అసలు పనిని చూడకుండానే సర్టిఫికెట్ తీసుకుపోతున్నారు. అది కళ్ల ముందే ఉన్నా నాకు పదేళ్లు తట్టలేదు.

అతను మానేసిన ఏడాది నా దగ్గర ఫీల్డ్ వర్క్ చేస్తున్నది ధర్మవరం అమ్మాయి. నాన్న పట్టుచీరలు నేస్తాడు, అమ్మ ఇంట్లోనే ఆసు పోస్తుంది. ఈ అమ్మాయి ఎలాంటిదో ఒక్కరోజు ముచ్చట చెబుతాను.

సెకండియర్ మెకానికల్ కుర్రాడు ఒకడు ఆరు సబ్జెక్టులు పోగొట్టుకుని, ఇంట్లో అన్నీ పాసయ్యానని చెప్పాడు. విషయం బయటపడే రోజు వచ్చింది. వాళ్ల నాన్నను పిలిపించాం. పొద్దున రైలుకు యలహంకలో దిగి, భుజాన సంచితో వచ్చాడాయన. మామూలుగా నేనైతే మార్కుల కాగితం తీసి టేబుల్ మీద పెట్టేదాన్ని. ఈ అమ్మాయి ఆ కాగితం జోలికే పోలేదు. “టిఫిన్ తిన్నారా నాయనా?” అంది. లేదంటే మెస్ నుంచి ఇడ్లీ తెప్పించింది. ఆయన తింటుంటే శనక్కాయ పంట ఎట్లుందని అడిగింది. వాన సరిగా పడలేదని ఆయన చెప్పుకొచ్చాడు. పెట్టుబడి ఎంతయింది, ఎన్ని మూటలు వచ్చాయి, అంతా విన్నది. కొడుకు పక్కనే తల వంచుకుని ఉన్నాడు. ఇడ్లీ అయ్యాక అబ్బాయి వైపు తిరిగి, “పంట పోతే నాన్న మనకు చెప్పినాడు కదా. ఇప్పుడు నువ్వు చెప్పు” అంది.

వాడు చెప్పాడు. ఏడుస్తూ చెప్పాడు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి, సంచిలోని వేయించిన శనక్కాయలు నా ఫైళ్ల మీదే పోసి, “తినండమ్మా. ఇంగేం చేద్దామో మీరే చెప్పండి” అన్నాడు.

వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి ఆ అమ్మాయిని అడిగాడు. “నువ్వు టీచరమ్మవా?” కాదంది. “డాక్టరమ్మవా?” కాదంది. “మరి ఏం ఉద్యోగమమ్మా నీది?”

ఆ పిల్ల నవ్వి నా వైపు చూసింది. నాకూ చప్పున నోటికి ఏమీ రాలేదు. ఆ రోజు డైరీలో ఇడ్లీ గురించి, బ్యాక్‌లాగుల గురించి ఏమీ రాయకుండా ఆ ప్రశ్న ఒక్కటే రాసింది. నేను కింద సంతకం పెట్టి ఊరుకున్నాను.

ఇది జరిగిన రెండు వారాలకే కర్నూలు కుర్రాడు మానేసిన సంగతి తెలిసింది. నాకు గుండె గుబగుబలాడింది. ఇంకొకర్ని ఇట్లా బావిలోకి తోయకూడదనుకుని, ఆ అమ్మాయిని కూర్చోబెట్టి అన్నీ చెప్పేశాను. పదకొండు నెలల కాంట్రాక్టు, కొత్తగా చేరేవాళ్లకు నెలకు 22 వేలు. దిండు కింద ఫోను. ఆదివారాలు ఉండవు. ప్రమోషనంటే ఏమిటో తెలియదు. అంతా విని, థ్యాంక్యూ మేడమ్ అంది. క్యాంపస్ ప్లేస్‌మెంట్‌లో బొమ్మసంద్ర వైపు ఒక ఫ్యాక్టరీలో హెచ్‌ఆర్‌కి సెలెక్ట్ అయి వెళ్లిపోయింది. 34 వేలు. ఈ పనికి పుట్టిన మనిషిని నా నోటితో నేనే పంపించేశాను. మొదటివాడికి తీపి ఒక్కటే పెట్టాను, ఈమెకు చేదు ఒక్కటే పెట్టాను. ఇద్దరికీ చేసింది ఒకటే పని, నిర్ణయం వాళ్ల చేతిలోంచి లాక్కోవడం.

అయినా ఆ అమ్మాయి తప్పు చేసిందని నేననను. హెచ్‌ఆర్ అంటే ధర్మవరంలో కూడా అర్థమవుతుంది. పెళ్లిచూపుల్లో ‘పిల్ల ఏం చేస్తుంది’ అంటే రెండక్షరాల్లో జవాబు ఉంది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. హెచ్‌ఆర్ ఉద్యోగం వెనక చట్టం ఉంది. 500 మంది, అంతకు మించి కార్మికులుండే ఫ్యాక్టరీలో వెల్ఫేర్ ఆఫీసర్ ఉండి తీరాలని, 2025 నవంబరు దాకా నడిచిన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 49వ సెక్షన్‌లో చెప్పింది. ఎమ్మెస్‌డబ్ల్యూ చదువుకు ఫ్యాక్టరీల్లో గిరాకీ రావడానికి అదొక పెద్ద కారణం. బొంబాయిలో ఇప్పటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ 1936లో, మద్రాసు స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ 1952లో మొదలయ్యాయి. ఇన్నేళ్లుగా అలాంటి కోర్సులు చదివినవాళ్లను కార్మికుల కోసం పెట్టుకోవాలని చట్టం అడిగింది. మూడు వేల మంది పదిహేడు పద్దెనిమిదేళ్ల పిల్లలుండే కాలేజీకి ఒక మనిషి కావాలని మాత్రం ఎవరూ అంత గట్టిగా అడగలేదు.

మొన్నమొన్నటి దాకా. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు ఇచ్చింది. ఆ పిల్ల తండ్రి రెండేళ్లు పోరాడాడు. వంద మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒక్కరుండాలని అందులో ఉంది. అంతకుముందు మార్చిలోనే, ఉన్నత విద్యాసంస్థల్లో విద్యార్థుల ఆత్మహత్యల మీద జస్టిస్ రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ టాస్క్‌ఫోర్స్ వేసింది. మీ పత్రిక కూడా ఈ వార్తలు వేసింది. ఆ పేపర్ కత్తిరించి పెట్టుకున్నాను. 14 ఏళ్లలో మొదటిసారి నా పని గురించి పేపర్లో చూసుకోవడం.

ఆ తీర్పు వచ్చాక మా పీజీ పిల్లలకు ఉద్యోగాలు వెల్లువెత్తుతాయనుకున్నాను. కొన్ని వచ్చాయి, కాదనను. కానీ నాకు తెలిసిన ఒక కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్‌కు అడిషనల్ చార్జ్ ఇచ్చి, మెట్ల కింద గదికి ‘కౌన్సెలింగ్ సెల్’ అని బోర్డు రాయించారు. ఆవిడకు వారానికి 18 క్లాసులు. కాలేజీల నాణ్యత చూసే న్యాక్ వాళ్లు విద్యార్థులకు ఏం సాయం చేస్తున్నారని అడుగుతారు, ఆ ఫైలులో బోర్డు ఫొటో చక్కగా పెట్టుకోవచ్చు. అక్కడికి ఇంటర్వ్యూకు వెళ్లి వచ్చిన మా ఫీల్డ్ వర్క్ అమ్మాయి ఒకతె ఆ గది చూసి, తలుపు వేస్తే గాలి ఆడదు, తీస్తే మాటలు బయటికి వినిపిస్తాయి మేడమ్ అంది. పిల్లలు ఇవన్నీ చూస్తారండి. చూసి, లెక్క వేసుకుని హెచ్‌ఆర్ ఫారం నింపుతారు. ‘ఈ కాలం పిల్లలకు సేవాభావం లేదు’ అని వాళ్ల హెచ్‌ఓడీలు నాతో అంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. సేవాభావం బీటీఎమ్ లేఅవుట్‌లో పేయింగ్ గెస్ట్ గది అద్దె కట్టదు. ఇద్దరు ఉండే గదికి తొమ్మిది వేలు.

మా అక్క కూతురు అమెరికాలో ఇదే చదువుతోంది. అక్కడ దీన్ని స్టూడెంట్ అఫైర్స్ అంటారు, దీనికని విడిగా మాస్టర్స్ ఉంది. ఈ పని చేసే డీన్లు సంఘం పెట్టుకుని నూరేళ్లు దాటింది, 1919 నాటిది. విద్యార్థిని తెలివితేటలు ఒక్కదానితో కాదు, మొత్తం మనిషిగా చూడాలని అక్కడి విద్యామండలి 1937లోనే కాగితం మీద పెట్టింది. మా పిల్ల హాస్టల్ ఆఫీసులో వారానికి 20 గంటలు పని చేస్తుంది, బదులుగా ఫీజులో మినహాయింపు, కొంత స్టైపెండ్. ఆ లెక్కన మొదటి సెమిస్టర్ అయ్యేసరికే దానికి తెలిసిపోయింది, ఈ పని తనకు పడుతుందో లేదో. అదంతా ఇక్కడికి తెచ్చి పెట్టమని నేననను, ఆ ఫీజులు మనకెందుకు. దాని మాటల్లో నాకు నచ్చింది ఒకటుంది. రాత్రి డ్యూటీ ఫోను అక్కడ వంతుల వారీగా చేతులు మారుతుందట. ఎప్పుడూ ఒక్కరి దిండు కిందే ఉండదు. దానికి డబ్బు ఖర్చేమీ కాదు, ఒక పట్టిక గీసుకుంటే చాలు.

ఆ ఇద్దరి విషయంలో దెబ్బ తిన్నాక నేను చేసింది చిన్న మార్పు. మూడేళ్లుగా, ఫీల్డ్ వర్క్ పిల్లలను ఆరు రాత్రులు హాస్టల్లో ఉండమంటున్నాను. సాయంత్రం ఏడు నుంచి నాతో రౌండ్లు, రాత్రికి గెస్ట్ రూములో పడక. డిపార్ట్‌మెంట్ వాళ్లు మొదట ఒప్పుకోలేదు. ఆడపిల్లలు, రాత్రిపూట, రేపు ఏమైనా అయితే అన్నారు. ఆడపిల్లల హాస్టల్‌కే పంపుతానని రాసిచ్చి, తల్లిదండ్రుల ఉత్తరాలు తెప్పించి ఒప్పించాను. ఇప్పటికి ఏడుగురు అలా రాత్రులు ఉండి చూశారు. ఆ రాత్రుళ్లలో పెద్ద ప్రమాదాలేమీ జరగవు. పదకొండు గంటలకు ఒక పిల్ల తలుపు తట్టి తలనొప్పి మాత్ర అడుగుతుంది. మాత్ర ఇచ్చినా పోదు, అక్కడే నిలబడుతుంది. అంతవరకు ఇంగ్లీషులో మాట్లాడిన పిల్ల ‘అమ్మ’ అన్న మాట రాగానే తెలుగులోకి దిగిపోతుంది. అప్పుడు ఫీల్డ్ వర్క్ అమ్మాయి ఏం చేస్తుందో నేను దూరం నుంచి చూస్తాను. తన చేతిలో లేనిదని తోస్తే గోడ మీద 14416 ఉంది, మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే టెలీ మానస్ హెల్ప్‌లైన్ నంబరు. తెలుగులో కూడా మాట్లాడతారు. ఎప్పుడు తను మాట్లాడాలో, ఎప్పుడు ఫోను అందుకోవాలో ఏ తరగతి గదిలోనూ పూర్తిగా రాదు.

ఆ ఏడుగురిలో ఇద్దరు మూడో రాత్రికే తమ వల్ల కాదన్నారు. ఒకమ్మాయి మొహమాటం లేకుండా, నాకు నిద్ర కావాలి మేడమ్ అంది. ఇప్పుడు ఆసుపత్రిలో మెడికల్ సోషల్ వర్కర్, పగటి షిఫ్టు, హాయిగా ఉంది. ఏడో నెలలో కుమిలి మానేయడం కంటే మూడో రాత్రే తెలుసుకోవడం మంచిది కదా. ముగ్గురు ఈ పనిలోకి వచ్చారు. వాళ్లకు ఒకటే చెప్పి పంపాను. ఇంటర్వ్యూలో జీతం ఒక్కటే అడిగి లేచి రాకండి. రాత్రి ఫోను ఎవరెవరి దగ్గర ఉంటుంది, ఆసుపత్రి డిపాజిట్ ఎవరు కడతారు, నేను ఎవరికి జవాబు చెప్పాలి, డీన్‌కా లేక బస్సులు చూసుకునే మేనేజర్‌కా, ఇవన్నీ అడగండి. అడిగినందుకు వద్దన్నారంటే ఆ ఉద్యోగం పోవడమే నయం.

మీ చదువుల పేజీ వాళ్లకు నాదొక మనవి. వచ్చేసారి ఆ పట్టిక వేసేటప్పుడు ఈ పనికి ఒక వరుస ఇవ్వండి. పేరు మీరే పెట్టండి, మాకు కుదరలేదు. జీతం తక్కువని కూడా వేయండి, రాత్రుళ్లుంటాయని వేయండి. ఆ పేజీ చదివేది పిల్లల కంటే వాళ్ల నాన్నలే ఎక్కువ. పేపర్లో ఒకసారి చూస్తే, కూతురు వచ్చి చెప్పినప్పుడు అది ఏం ఉద్యోగమని కనీసం కొత్తగా అడగరు.

పోయిన నెల ధర్మవరం అమ్మాయి ఫోన్ చేసింది. ఫ్యాక్టరీలో ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన ఆడపిల్లల హాస్టల్ కూడా తనే చూసుకుంటోందట. సాయంత్రాలు వాళ్ల గదుల్లోనే గడుస్తున్నాయి, హెచ్‌ఆర్ పని కంటే అదే బాగుంది మేడమ్ అంది. సుప్రీంకోర్టు తీర్పు గురించి చదివిందట, మీ కాలేజీలో ఇంకో పోస్టు పడుతుందా అని అడిగింది. మరుసటి రోజు ఆఫీసుకు వెళ్లి కనుక్కున్నాను. రూల్ ప్రకారం ఒక్కరుంటే చాలు, మీరున్నారు కదా మేడమ్ అన్నారు. అప్పుడప్పుడే వచ్చిన నా రెన్యూవల్ కాగితం కూడా చేతికిచ్చారు. జూన్ నుంచి మళ్లీ పదకొండు నెలలు.

ఆ అమ్మాయికి ఇంకా ఏమీ చెప్పలేదు. ఈ ఉత్తరం కింద నా పేరు వేయకండి.

— ఒక స్టూడెంట్ వెల్ఫేర్ ఆఫీసర్,
యలహంక, బెంగళూరు